నల్లమందు తాళమును వెదకిన విద్యార్థిని

నేను వైద్యవిద్యార్థిగా ఉన్న రోజులలో మా ఔషధశాస్త్ర గ్రంథములో మార్ఫిన్ చేసే పనుల పట్టిక ఒక పుట నిండా ఉండేది. నొప్పిని తగ్గించును, దగ్గును అణచును, మలబద్ధకము కలిగించును, మోతాదు మించితే ఊపిరిని ఆపును. ఈ పనులను శరీరములో ఎక్కడ, దేనిని పట్టుకొని చేస్తుందో చెప్పే వాక్యము మాత్రము అందులో లేదు. ఆ వాక్యమును శాస్త్రమునకు సమకూర్చినవారిలో ముందుగా చెప్పవలసినది, అప్పటికి ఇంకా పట్టము పుచ్చుకోని ఒక విద్యార్థినిని. ఆమె పేరు కాండేస్ పర్ట్. వయస్సు 26.

మార్ఫిన్ కు శరీరములో ఒక తాళము ఉండితీరాలని శాస్త్రజ్ఞులు అంతకు ముందే ఊహించారు. ఈ తరగతి మందులలో కొన్నిటికి అద్దములో ప్రతిబింబము వంటి జంట అణువులు ఉంటాయి. రెండింటిలోను ఉన్న పరమాణువులు అవే అయినా, నొప్పిని తగ్గించేది వాటిలో ఒక్కటే. కుడికాలి చెప్పు ఎడమకాలికి పట్టనట్లు రెండవది ఎక్కడో పట్టడం లేదన్నమాట. ఆ పట్టే చోటునే గ్రాహకము అంటాము. అది ఉన్నదని నమ్మినవారే కాని, ఇదుగో అని స్పష్టముగా చూపినవారు లేరు.

1971లో అమెరికాకు ఈ ప్రశ్న అత్యవసరమైనది. వియత్నాంలో ఉన్న తమ సైనికులలో 10 నుంచి 15 శాతము మంది హెరాయిన్ కు లోబడ్డారని ఇద్దఱు చట్టసభ సభ్యులు నివేదిక ఇచ్చారు. జూన్ నెలలో అధ్యక్షుడు నిక్సన్ మత్తుమందుల వాడకమును దేశమునకు ప్రథమశత్రువని ప్రకటించారు. పరిశోధనలకు ధనము వచ్చింది. దానిని అందుకున్నవాటిలో బాల్టిమోరులోని జాన్స్ హాప్కిన్స్ విశ్వవిద్యాలయపు సాలమన్ స్నైడర్ ప్రయోగశాల ఒకటి. పర్ట్ అక్కడే చదువుతున్నారు. 1970లో గుఱ్ఱము మీద నుంచి పడి వెన్నుకు గాయమైనపుడు ఆమె ఆసుపత్రిలో మార్ఫిన్ తీసుకున్నారు. ఆ మందు ఇచ్చే నెమ్మది ఎటువంటిదో ఆమెకు స్వానుభవము.

తొలి ప్రయత్నములు విఫలమయ్యాయి. రేడియోధార్మికత కలిపిన మార్ఫిన్ వంటి మందును మెదడు కణజాలముతో కలిపి, కడిగి చూస్తే ఏమీ మిగలలేదు. ఇక ఈ పని వదలి వేఱొకటి చేపట్టమని స్నైడర్ చెప్పినా తాను రహస్యముగా కొనసాగించానని ఆమె తరువాత తన పుస్తకములో వ్రాసుకున్నారు. ఈసారి ఆమె ఎన్నుకున్నది నలోక్సోన్. ఇది మార్ఫిన్ కు విరుగుడు. తాళములో దూరి గట్టిగా కూర్చుంటుంది కాని తాళమును తిప్పదు. కదలక కూర్చునే తాళపుచెవితో తాళమును పట్టుకోవచ్చునన్నదే ఆమె ఆలోచన. ఎలుక మెదడును నూఱి, రేడియోధార్మిక నలోక్సోన్ కలిపి, వడపోత కాగితము మీద చల్లని ద్రావణముతో క్షణాలలో కడిగివేశారు. 1972 అక్టోబరు 25న లెక్కించే యంత్రము పట్టుకున్న అణువులను చూపింది. లెవార్ఫనాల్ అనే మందు వాటిని తొలగించింది. దాని అద్దపు జంట డెక్స్ట్రార్ఫాన్ తొలగించలేకపోయింది. కుడికాలి చెప్పు సంగతి ఋజువైనది. 1973 మార్చిలో 'సైన్స్' పత్రికలో ఆ వ్యాసము వెలువడింది. అదే ఏడు న్యూయార్కులో ఎరిక్ సైమన్, స్వీడనులో లార్స్ టెరేనియస్ కూడా తమ తమ పద్ధతులలో దీనినే చూపారు.

పాఠకులారా, ఈ కథలో నాకు అన్నిటికంటె ముఖ్యమని తోచేది ఆ తరువాతి ఘట్టము. కోతుల మెదడులోను, మనుష్యుల మెదడులోను ఈ గ్రాహకములు ఎక్కడెక్కడ ఉన్నాయో స్నైడర్ బృందము అదే సంవత్సరము కొలిచింది. అవి మిక్కిలిగా ఉన్నది అమిగ్డలాలో. బాదంగింజ ఆకారములో ఉండే ఈ చిన్న భాగమే మనకు భయమును నేర్పేది. నల్లమందు నొప్పిని మాత్రమే కాదు, గుండెలోని దడను కూడా ఎందుకు తీసివేస్తుందో అక్కడ కొంత అర్థమైనది.

మఱి గసగసాల మొక్క పాలకు మన మెదడులో తాళము ఎందుకున్నది? శరీరము తానే చేసుకొనే తాళపుచెవి ఒకటి ఉండాలి. 1975లో స్కాట్లండులోని అబర్డీనులో జాన్ హ్యూస్, హాన్స్ కోస్టర్లిట్జ్ పందుల మెదళ్ళ నుంచి దానిని వెలికితీసి ఎన్కెఫలిన్లు అని పేరు పెట్టారు. ఆపద వచ్చినపుడు అడ్రినల్ గ్రంథులను మేల్కొలిపే హార్మోను, మార్ఫిన్ వలె పనిచేసే ఎండార్ఫిన్, రెండూ పిట్యూటరీ గ్రంథి నుంచి కలిసే వెలువడతాయని 1977లో తెలిసింది. ఒత్తిడి, ఊరట ఒకే వాకిట బయలుదేరుతున్నాయి.

వియత్నాం నుంచి తిరిగివచ్చిన సైనికులను లీ రాబిన్స్ అనే పరిశోధకురాలు వెదకి పలుకరించారు. అక్కడ తాము హెరాయిన్ కు బానిసలమయ్యామని చెప్పినవారు సుమారు 20 శాతము. వారిలో ఇల్లు చేరిన మొదటి సంవత్సరములో మఱల ఆ స్థితికి వచ్చినవారు 5 శాతము మాత్రమే. మందు అదే, మనుష్యులు వారే. మారినది చుట్టూ ఉన్న భయము, దొరికే తీరు.

ఇది చదివినపుడు నాకు ఒక లారీ డ్రైవరు గుర్తుకు వస్తాడు. తొడ ఎముక విఱిగినపుడు మేమిచ్చిన పెంటజోసిన్ సూదిమందుకు అలవాటుపడ్డాడు. ఎముక అతికిన తరువాత కూడా వస్తుండేవాడు. "మనసు గట్టిచేసుకోవాలయ్యా" అని నేను పదిమందిలో కసరుకున్నాను. "నొప్పి లేదు డాక్టరుగారూ, సూది పడకపోతే భయమేస్తోంది" అన్నాడు. ఆ మాటను సాకు అనుకున్నాను. అతడు మఱల రాలేదు. ఈ మందులు మానినపుడు మెదడు కాండములో నీలిరంగుతో ఉండే లోకస్ సెరూలియస్ కణములు విజృంభించి, గుండెదడ, చెమటలు, తీవ్రమైన ఆందోళన కలిగిస్తాయి. రక్తపుపోటుకు వాడే క్లోనిడిన్ ఆ బాధలను తగ్గిస్తుందని 1978లోనే లాన్సెట్ పత్రికలో వచ్చింది. నేను ఆలస్యముగా చదివాను.

అదే 1978లో లాస్కర్ పురస్కారము స్నైడర్, హ్యూస్, కోస్టర్లిట్జ్ లకు ఇచ్చారు. పర్ట్ పేరు లేదు. ఆమె నిరసన తెలుపుతూ లేఖ వ్రాశారు. ఆచార్యునికి కీర్తి, శిష్యురాలికి ప్రయోగశాల బల్ల అన్న ఆనవాయితీ గుఱించి అమెరికాలో పెద్ద చర్చే జరిగింది. ఆమె 2013లో మరణించారు.

ఆమె ఎన్నుకున్న నలోక్సోన్ నేడు మన ఆసుపత్రులలో సూదిమందుగా ఉంది. అమెరికాలో ముక్కులో కొట్టే మందుగా సామాన్యుల చేతికి కూడా వచ్చింది. హెరాయిన్, మార్ఫిన్ వంటివి మించి ఊపిరి నిలిచిపోతున్నవారికి అది కొన్ని నిమిషములలో ఊపిరి తెప్పిస్తుంది. దాని ప్రభావము అరగంట నుంచి గంటన్నర వఱకే ఉంటుంది. మత్తుమందు అంతకంటె ఎక్కువ సేపు శరీరములో నిలిచి ఉండవచ్చును. కనుక లేచి కూర్చున్నాడు కదా అని ఇంటికి తీసుకొనిపోక, ఆ మనిషిని ఆసుపత్రిలోనే కనిపెట్టి ఉండాలి.