లీ అట్‌వాటర్: బురద చల్లే విద్య

అమెరికా రాజకీయ ప్రచార వ్యూహకర్త లీ అట్‌వాటర్ 1951లో అట్లాంటాలో పుట్టి సౌత్ కరోలినాలో పెరిగాడు. తనకు ఐదేళ్లప్పుడు ఇంట్లోనే మరిగే నూనె మీద పడి తమ్ముడు పోయాడు. ఆ కేకలు తనను వదల్లేదని పెద్దయ్యాక చెప్పుకున్నాడు. రాజకీయాల్లో ఓనమాలు దిద్దింది సెనేటర్ స్ట్రామ్ థర్మండ్ దగ్గర. జాతి వివక్షను నిషేధించే పౌరహక్కుల చట్టం వచ్చిన 1964లోనే డెమోక్రాట్లను వదిలి రిపబ్లికన్లలో చేరిన మనిషి థర్మండ్. దక్షిణాది తెల్లవాళ్లు మెల్లగా అదే దారి పట్టారు. నల్లవాళ్లను బాహాటంగా తిట్టి ఓట్లడిగే రోజులు పోతున్నాయి. తిట్టకుండానే ఆ ఓట్లు రాబట్టే విద్యలో అట్‌వాటర్ ఆరితేరాడు.

1980లో కాంగ్రెస్ సీటుకు ఫ్లాయిడ్ స్పెన్స్ తరఫున పనిచేసినప్పుడు, సర్వే పేరుతో తెల్లవాళ్ల ఇళ్లకు ఫోన్లు వెళ్లాయి. పైకి అది మామూలు ప్రశ్నే. ప్రత్యర్థి టామ్ టర్నిప్‌సీడ్ నల్లవారి హక్కుల సంఘంలో సభ్యుడన్న ముక్క మాత్రం అందులో చొప్పించి ఉండేది. టర్నిప్‌సీడ్ కుర్రతనంలో మానసిక కుంగుబాటుకు కరెంటు షాక్ చికిత్స తీసుకున్నాడు. అతనికి కారు బ్యాటరీ వైర్లు తగిలించారట అని అట్‌వాటర్ విలేకరుల దగ్గర ఎగతాళి చేశాడు. స్పెన్స్ గెలిచాడు.

1988లో పెద్ద బుష్ అధ్యక్ష ప్రచారానికి అట్‌వాటరే సారథి. డెమోక్రాట్ ప్రత్యర్థి, మసాచుసెట్స్ గవర్నర్ మైకేల్ డుకాకిస్ జులైలో గ్యాలప్ సర్వేలో 17 పాయింట్లు ముందున్నాడు. ఆయుధం అప్పటికే సిద్ధంగా ఉంది. మసాచుసెట్స్‌లో విల్లీ హోర్టన్ అనే నల్లజాతి ఖైదీకి హత్య కేసులో యావజ్జీవం పడింది. మన పెరోల్ లాంటి వారాంతపు సెలవు మీద 1986లో బయటికొచ్చి తిరిగి వెళ్లలేదు; మరుసటి ఏడాది మేరీలాండ్‌లో ఒక మహిళపై అత్యాచారం చేసి, ఆమెకు కాబోయే భర్తను కత్తితో పొడిచాడు. నేరం ఘోరమే. హంతకులకు సెలవులు ఆపాలన్న బిల్లును డుకాకిస్ తోసిపుచ్చిన మాటా నిజమే. ఆ సెలవులను 1972లో మొదలుపెట్టింది రిపబ్లికన్ గవర్నరన్న సంగతి మాత్రం ప్రచారంలో వినపడలేదు. హోర్టన్ ఫొటోతో టీవీ ప్రకటన వేసింది ఒక బయటి సంఘం. బుష్ శిబిరం తన ప్రకటనలో, గిరగిరా తిరిగే గేటులోంచి వచ్చిపోయే ఖైదీలను చూపి ఊరుకుంది. హోర్టన్ పేరు లేదు, చేతికి మట్టీ అంటలేదు. బుష్ 40 రాష్ట్రాలు గెలిచాడు.

అట్‌వాటర్ 1989లో రిపబ్లికన్ పార్టీ జాతీయ కమిటీ ఛైర్మన్ అయ్యాడు. ఇదే మనిషి నల్లవాళ్ల బ్లూస్ సంగీతానికి వీరాభిమాని; బి.బి. కింగ్‌తో కలిసి ఆల్బం కూడా చేశాడు. 1990 మార్చిలో ఒక అల్పాహార విందులో మాట్లాడుతూ కుప్పకూలాడు. మెదడులో కణితి. మంచం పట్టాక టర్నిప్‌సీడ్‌కు క్షమాపణ ఉత్తరం రాశాడు. డుకాకిస్‌పై తన మాటల్లో క్రూరత్వం ఉందని 1991లో లైఫ్ పత్రికలో ఒప్పుకుంటూనే, తాను జాత్యహంకారిని కానన్నాడు. ఆ మార్చి 29న, 40 ఏళ్లకే కన్నుమూశాడు.