లాఠీకీ తూటాకీ నడుమ – బాష్పవాయువు

1940 ఏప్రిల్ 1న మందస జమీందారీలోని గుడారి రాజమణిపురంలో రైతులపై పోలీసులు కాల్పులు జరిపారు. అడవిలో కట్టెలు కొట్టుకునే హక్కు దగ్గర మొదలైన తగవు అది. గర్భవతి అయిన వీర గున్నమ్మతో సహా ఐదుగురు నేలకొరిగారు.

ఇలాంటి చోట ప్రాణం తీయకుండా గుంపును చెదరగొట్టే సాధనంగానే బాష్పవాయువు పోలీసుల చేతికి వచ్చింది. వాయువు అంటాం గాని, నిజానికది పొగతో గాలిలో తేలే సన్నని పొడి. నేడు ఎక్కువగా వాడే సి.ఎస్.ను 1928లో అమెరికాలో కార్సన్, స్టాటన్ అనే ఇద్దరు రసాయన శాస్త్రజ్ఞులు తయారుచేశారు. వారి ఇంటిపేర్ల మొదటి అక్షరాలే దానికి పేరైనాయి. 1993 నాటి అంతర్జాతీయ ఒప్పందం దీనిని యుద్ధంలో వాడరాదంది, దేశం లోపల శాంతిభద్రతలకు మాత్రం అనుమతించింది. శత్రుసైన్యం మీద వేయరానిది సొంత ప్రజల మీద వేయవచ్చునన్నమాట! మన దేశంలో వీటి తయారీకి 1976లో గ్వాలియర్ దగ్గర టెకన్‌పూర్‌లో సరిహద్దు భద్రతా దళం ఒక యూనిట్ పెట్టింది.

తాసిల్దార్లుగా పనిచేసిన మన సభ్యులకు క్రిమినల్ ప్రొసీజర్ కోడ్ 129వ సెక్షన్ గుర్తుండే ఉంటుంది. ముందు చెదిరిపొమ్మని ఆజ్ఞ, వినకపోతేనే బలప్రయోగం. 2024 జూలై నుంచి కొత్త చట్టంలో అది 148వ సెక్షన్ అయింది.

కాగితం మీది ఈ మెట్లు మన జిల్లాలో ఎంత త్వరగా దాటారో చూడండి. మందసకు పొరుగునే ఉన్న సోంపేటలో, బీలభూముల్లో థర్మల్ కేంద్రం వద్దన్న జనంపై 2010 జూలై 14న లాఠీలు, బాష్పవాయువు, ఆపై తుపాకులు ప్రయోగించారు. ఇద్దరు చనిపోయారు. ఆ కేంద్రానికిచ్చిన పర్యావరణ అనుమతిని అప్పిలేట్ అథారిటీ రద్దుచేసినది కూడా ఆ రోజే. ఆ ఉత్తర్వు ఒక్కరోజు ముందు వచ్చి ఉంటే! ఎనిమిది నెలలు తిరగకుండానే, 2011 ఫిబ్రవరి 28న, సంతబొమ్మాళి మండలం కాకరాపల్లిలోనూ అదే వరుస. అక్కడా ప్రాణాలు పోయాయి. గుంపు చెదరకపోవడానికి కారణం ఆ పొగకు తెలియదు. భూమి, నీరు, చేపలవేట పోతాయన్న భయం కళ్లు మండినంత మాత్రాన పోయేది కాదు.

2013 అక్టోబరులో రాష్ట్ర విభజనపై ఆందోళన సమయాన విజయనగరంలో బాష్పవాయువు వాడారు, కర్ఫ్యూ పెట్టారు. అలాంటప్పుడు పొగ వీధిలోనే ఆగదు, కిటికీల గుండా ఇళ్లలోకీ వస్తుంది. ఆయాసం ఉన్న మన వయసువారు వెంటనే గాలి తగిలే చోటికి పోవాలి. కళ్లు రుద్దుకోరాదు, ధారాళంగా చన్నీళ్లతో కడుక్కోవాలి. పొడి అంటిన బట్టలు మార్చుకోవాలి.