ఓనర్ గారు లేరామ్మా?

గేటుకు ‘ఇల్లు అద్దెకు ఇవ్వబడును’ అన్న అట్ట కట్టిన మర్నాడే ఒకాయన వచ్చాడు. మెట్లు కడుగుతున్న నన్ను చూసి “ఓనర్ గారు లేరామ్మా?” అన్నాడు. నేనేనన్నాను. అయినా నా భుజం మీదుగా ఇంట్లోకి తొంగిచూశాడు.

భద్రాచలంలో కింద నేనుండి, పైన అద్దెకివ్వాలని కట్టుకున్న ఇల్లిది. సాటి కోయ కుటుంబం దగ్గర స్థలం కొని, టీచరు జీతం మీద లోను తీసుకుని కట్టాను. పై వాటా అద్దె లోను వాయిదాకి సరిపోవాలి, అంతే నా లెక్క. వచ్చినాయన గిరిజనేతర వ్యాపారి. పది నెలల అద్దె అడ్వాన్సుగా ఇస్తానన్నాడు, కానీ ఐదేళ్లకు స్టాంపు కాగితం రాయాలన్నాడు. ఆ కాగితంలో ఏం రాయాలో చూసుకోబోయి చరిత్రలో పడ్డాను.

ఏజెన్సీ భూముల మీద మద్రాసు ప్రభుత్వం 1917లోనే చట్టం చేసింది. భద్రాచలం తూర్పుగోదావరి నుంచి ఖమ్మం జిల్లాలోకి వచ్చిన 1959లోనే భూబదలాయింపు నిబంధనలూ వచ్చాయి. 1970 సవరణతో అవి బిగిశాయి. ఏజెన్సీలో స్థిరాస్తిని ఎవరు బదలాయించినా గిరిజనులకో, పూర్తిగా గిరిజనులతో ఏర్పడిన సహకార సంఘానికో తప్ప చెల్లదు. బదలాయింపంటే అమ్మకమొక్కటే కాదు. తాకట్టు, దానం, లీజు కూడా. లీజు! ఇన్నేళ్లూ పిల్లలకు 1/70 గురించి చెప్పినదాన్ని, అది నా మెట్లెక్కి పై వాటాకొస్తుందని ఊహించలేదు.

ఆయన తొంగిచూపుకూ చరిత్ర ఉంది. ఈ చట్టాన్ని దాటడానికి కోయ ఆడవాళ్లను ఇంట్లో పెట్టుకుని, వాళ్ల పేరున ఆస్తి రాయించుకున్నవాళ్లు మన్యంలో తక్కువేం కాదు. పేరు ఆమెది, పెత్తనం అతనిది. నా వెనకాల కూడా అలాంటివాడొకడు ఉంటాడనుకున్నాడేమో.

సరే, బయటివాళ్ల సంగతి అది. మా ఇంట్లో? 1956 హిందూ వారసత్వ చట్టం సెక్షన్ 2(2) షెడ్యూల్డు తెగలను మినహాయించింది. కూతుళ్లకు వాటా ఇచ్చిన 1985 నాటి రాష్ట్ర సవరణ గానీ, 2005 కేంద్ర సవరణ గానీ అందుకే మా గడప తొక్కలేదు. 2022లో సుప్రీంకోర్టు ఈ మినహాయింపును పరిశీలించమని కేంద్రానికి చెప్పింది. 2025 జూలైలో ఒక గోండు స్త్రీ వారసులకు సమాన వాటా ఉందని తీర్పిచ్చింది. మా నాన్న పొలం మాత్రం ఎప్పుడో అన్నదమ్ములకు వెళ్లిపోయింది. అడగాలని నాకూ తోచలేదు, అదీ చెప్పుకోవాలి.

“అందరూ నోటిమాట మీద ఇచ్చేస్తున్నారు చెల్లీ, నీకే ఎందుకీ పట్టుదల?” అన్నాడు పెద్దన్న. రెండు నెలలు పై వాటా ఖాళీగానే ఉంది. వాయిదాలు జీతంలోంచే కట్టాను. కోపం రాలేదనను, చట్టం మీద కూడా వచ్చింది.

తర్వాత చర్ల వైపు నుంచి బదిలీ మీద ఒక కోయ నర్సు వచ్చింది. అద్దె ఐదొందలు తగ్గించమంది. తగ్గించాను. “అక్కా, కాగితం రాసుకుందామా?” అని తనే అడిగింది. అచ్చు ఫారంలో యజమాని దగ్గరా, అద్దెదారు దగ్గరా ‘శ్రీ’ అనే ఉంది. రెండుచోట్లా కొట్టేసి పేర్లు రాసుకున్నాం. మోటారు కరెంటు బిల్లులో సగం ఎవరిదన్న దగ్గర మాత్రం ఇంకా తేలలేదు.