వంపు మీద బొమ్మ

1756 జూలై 27న లివర్‌పూల్‌లో జాన్ శాడ్లర్, గై గ్రీన్ అనే ఇద్దరు ఆరు గంటల్లో 1,200కు పైగా టైల్స్ మీద బొమ్మలు అచ్చువేసి, ఆ సంగతి ప్రమాణం చేసి మరీ రాయించుకున్నారు. కుంచెతో బతికేవాళ్ల గుండెల్లో రాయి పడే వార్తే. కానీ టైల్ బల్లపరుపుగా ఉంటుంది. చిక్కంతా టీ కూజా పొట్ట దగ్గర వచ్చింది.

1780లలో ఇంగ్లండ్‌లోని స్టోక్‌లో జోసయా స్పోడ్ అనే కుమ్మరి నీలిరంగు అచ్చుపనిని ఒక దారికి తెచ్చేనాటికి పద్ధతి ఇదీ: రాగిరేకు మీద చెక్కిన బొమ్మకు రంగు పట్టించి, పల్చటి కాగితం మీదికి దించి, దాన్ని పాత్రకు అంటించి గట్టి బ్రష్షుతో రుద్దడం. తర్వాత కాగితాన్ని నీళ్లతో కడిగేస్తే రంగు మిగిలేది. వంపు దగ్గర ముడత పడకుండా కాగితాన్ని కత్తిరించి అతకాలి. ఆనాటి పళ్లెం అంచు వెంబడి చూపు తిప్పండి, ఎక్కడో ఒకచోట పూలతీగ తెగి, పక్క తీగతో కలవకుండా నిలబడుతుంది. అచ్చంగా కుదిరిన పళ్లెం కన్నా నాకు అదే ముచ్చట.

అసలు మలుపు బట్టల రంగుల్లోంచి వచ్చింది. 1920లలో అసిటేట్ నూలుకు మామూలు రంగులు పట్టక కొత్తవి తయారుచేశారు. పాలిస్టర్ వచ్చాక దానికీ అవే పనికొచ్చాయి. వాటికో జబ్బు: బాగా వేడెక్కితే కరక్కుండానే ఆవిరైపోతాయి. మూత సరిగ్గా పెట్టని డబ్బాలో కర్పూరం హరించుకుపోయినట్టే. ఫ్రాన్స్‌లో నోయెల్ డి ప్లాస్ 1957లో ఆ జబ్బునే విద్యగా మార్చాడు. కాగితం మీది రంగు ఆవిరై పాలిస్టర్‌లోకి దూరుతుంది. చల్లారితే అక్కడే చిక్కుకుంటుంది.

పింగాణీకి, లోహానికి పాలిస్టర్ పూత పూస్తే అవీ దారికొచ్చాయి. కంప్యూటర్లు, ఇంక్‌జెట్ ప్రింటర్లు వచ్చాక రాగిరేకు చెక్కే పనే లేకపోయింది. అల్యూమినియం కిటికీ చట్రానికి టేకు చారల ఫిల్మ్ చుట్టి, లోపలి గాలి లాగేసి, దాదాపు 200 డిగ్రీల పొయ్యిలో పెడితే అది చెక్కలా బయటికొస్తుంది. గాలి లాగేయడంతో ఫిల్మ్ మూలమూలకీ హత్తుకుంటుంది. స్పోడ్ పనివాళ్ల కత్తెర చేసిన పని అదే.

మన ఊళ్లలో ఫొటో స్టూడియో కుర్రాడు పుట్టినరోజు మగ్గుకు తిరగేసి అచ్చేసిన కాగితం చుట్టి, వేడికి ఓర్చే టేపు అంటించి, ప్రెస్‌లో బిగిస్తాడు. మూడు నాలుగు నిమిషాలకు కాగితం ఊడదీస్తే పాప మొహం మెరుస్తుంది. పిడి పక్కన మాత్రం రెండు వేళ్ల వెడల్పున తెల్లగానే ఉంటుంది. ప్రెస్ అక్కడిదాకా అందదు.