చెట్ల వైపా, సముద్రం వైపా?

కిందటి నెలలో మా మేనల్లుడు సిడ్నీ నుంచి ఫోను చేశాడు. భార్యాబిడ్డలతో అక్కడికి చేరి ఆరు వారాలయింది. తాత్కాలికంగా దిగిన ఇంటి గడువు ముగియవస్తోంది. రెండిళ్ళు చూసి పెట్టుకున్నాడట. ఒకటి ఉత్తరాన హార్న్స్‌బీ అనే పేటలో. పెరడు దాటితే యూకలిప్టస్ అడవే. రెండవది దక్షిణాన క్రోనుల్లాలో. నాలుగడుగులు వేస్తే సముద్రం. అడవి పక్కన కార్చిచ్చు భయం, సముద్రం పక్కన అద్దె భయం. "ఏది తీసుకోమంటావు మామా?" అన్నాడు. ఎండాకాలపు రాత్రుల్లో శేషాచలం మీద ఎర్రగా పాకే మంటల గీతను మిద్దె మీద నుంచి చూస్తూ పెరిగినవాడికి కార్చిచ్చు గురించి నేను కొత్తగా చెప్పవలసింది లేదు. అయినా ఆలోచించి చెబుతానని ఫోను పెట్టేశాను.

ఆ ప్రశ్న వినగానే నాకు మా అవ్వ మాట గుర్తుకు వచ్చింది. ఆమె మేనమామ ఒకాయన, చంద్రగిరి దగ్గరి మా ఊరి నుంచి, ఆమె చిన్నతనంలోనే "నెటాలు" పోయాడు. మళ్ళీ రాలేదు. ఆయన ప్రస్తావన వచ్చినప్పుడల్లా అవ్వ "సముద్రం కూడా చూడనోడు, సముద్రం దాటిపోయినాడు" అనేది. నిజమే, మా చిత్తూరు జిల్లాకు సముద్రం లేదు. 2022 ఏప్రిల్‌లో జిల్లాలు విడగొట్టినప్పుడు కొత్త తిరుపతి జిల్లాకు పులికాటు సరస్సూ, కొంత సముద్రపుటొడ్డూ వచ్చి చేరాయి గాని, అంతవరకు మాకు సముద్రమంటే మద్రాసే. ఆ మనిషిని ఎవరైనా "చెట్ల వైపు ఉంటావా, సముద్రం వైపు ఉంటావా" అని అడిగి ఉంటారా?

నెటాలంటే దక్షిణాఫ్రికా తూర్పు తీరంలోని నాటాల్. అక్కడి చెరకు తోటలకు కూలీలు కావలసి వచ్చి, ఐదేళ్ళ ఒప్పందం మీద మన దేశం నుంచి మనుషులను తరలించారు. మొదటి ఓడ ట్రూరో, 342 మందితో మద్రాసులో బయలుదేరి 1860 నవంబరు 16న దర్బన్ చేరింది. అది మొదలు 1911 వరకు వెళ్ళినవారు 1,52,000 మందికి పైమాటే. అందులో సుమారు మూడింట రెండు వంతులు మద్రాసు రేవులో ఓడ ఎక్కినవారు. వారిలో ఉత్తర ఆర్కాటు జిల్లావాసుల సంఖ్య చాలా పెద్దది.

ఇక్కడొక చిక్కుంది. చిత్తూరు, పలమనేరు, చంద్రగిరి తాలూకాలు అప్పుడు ఉత్తర ఆర్కాటులోనివే. తిరుపతి చంద్రగిరి తాలూకాలోది. వీటికి కడప జిల్లా నుంచి మదనపల్లె, వాయల్పాడు తాలూకాలను కలిపి చిత్తూరు జిల్లాను ఏర్పరచినది 1911 ఏప్రిల్ 1న. నాటాల్‌కు కూలీలను పంపడం భారత ప్రభుత్వం ఆపివేసినది అదే సంవత్సరం జూలైలో. మధ్య వ్యవధి మూడు నెలలు! అందుచేత ఓడ పట్టికల్లో మా జిల్లా పేరు దాదాపు కనబడదనే చెప్పాలి. ఆ పట్టికల్లో మనిషికొక సంఖ్య ఉంటుంది. పేరు, తండ్రి పేరు, వయస్సు, కులం, ఎత్తు, ఒంటిమీది మచ్చలు, జిల్లా, తాలూకా, ఊరు కూడా రాసి ఉంటాయి. అక్కడి మునిమనవడు "ఉత్తర ఆర్కాటు" అన్నది చూసి నేరుగా వేలూరుకు వెళ్ళి వెదికితే, అతని ఊరు చిత్తూరు పక్కనే ఉండిపోవచ్చు. మా అవ్వ మేనమామ కోసం నేనూ ఆ పట్టికల్లో వెదికాను. ఆ పేరు గలవారు పదుల్లో ఉన్నారు. నుదుటి మీద మచ్చ ఉందో లేదో అవ్వను అడిగి ఉంచుకోవలసింది.

ఓడ దిగినవారికి చోటు ఎంచుకునే అవకాశం లేదు. వలస కూలీల సంరక్షకుడనే అధికారి కార్యాలయం వారిని యజమానులకు పంచేది. ఎక్కువమందికి తీరం వెంబడి చెరకు తోటలు దక్కాయి. కొందరు లోపలి కొండప్రాంతాల్లో తుమ్మ తోటలకూ, రైలు మార్గాలకూ, మరింత లోపల డండీ, న్యూకాసిల్ బొగ్గుగనులకూ పోయారు. మొదటి ఏడు నెలకు పది షిల్లింగులు, ఆపై ఏడాదికొక షిల్లింగు పెంపు. సముద్రం పక్కనే ఉన్నా, తెల్లవారకముందే గడ్డపారతో చేలోకి దిగే మనిషికి ఆ అలల చప్పుడుతో పనేమిటి?

ఐదేళ్ళు నిండాకనే ఎంపిక అనే మాటకు కొంత అర్థం వచ్చింది. తొలి రోజుల్లో, పదేళ్ళు ఉన్నవారికి తిరుగు ప్రయాణపు ఖర్చుకు బదులు భూమి ఇచ్చే నియమం ఒకటి ఉండేది. అది కొద్దిమందికే అందింది. 1891లో దాన్నీ తీసేశారు. 1895 చట్టం ఇంకా క్రూరమైనది. ఆ తరువాత ఒప్పందం చేసుకున్నవారు గడువు తీరాక ఇంటికి పోవాలి, లేదా మళ్ళీ ఒప్పందం రాయాలి, లేదా ఏడాదికి మూడు పౌన్ల పన్ను కట్టాలి. మూడు పౌన్లంటే అరవై షిల్లింగులు. ఐదవ ఏట నెలకు పద్నాలుగు షిల్లింగులు తెచ్చుకునేవాడికి నాలుగు నెలల పైచిలుకు జీతం. 1913 సమ్మె తరువాత 1914లో గాని ఆ పన్ను పోలేదు.

ఇన్ని అడ్డంకుల మధ్య కూడా వారు ఒక ఎంపిక చేసుకున్నారు. అదే నాకు అన్నిటికన్నా ఆసక్తి కలిగించే విషయం. స్వేచ్ఛ పొందినవారిలో చాలామంది చేరినది అడవికీ కాదు, ఇసుకతిన్నెల మీదికీ కాదు. దర్బన్ చుట్టూ ఉన్న పల్లపు నేలలకు చేరారు. ఉమ్గేని నది ఒడ్డున స్ప్రింగ్‌ఫీల్డ్, దక్షిణాన క్లెయిర్‌వుడ్ బురద భూములు. తెల్లవారు వద్దనుకున్న ఆ నేలను కౌలుకు తీసుకుని వంకాయ, చిక్కుడు, మిరప పండించి పట్నానికి మోశారు. దీన్ని పేదరికపు రాజీ అనవచ్చు. నాకు మాత్రం మా వైపు రైతు బుద్ధి కూడా కనిపిస్తుంది. ఏడాదిలో ఎక్కువ నెలలు ఇసుక తప్ప నీరు కనబడని స్వర్ణముఖి పక్కన, కపిల తోలి బావి నీళ్ళు పారించుకున్న మనిషికి, మూరెడు తవ్వితే నీరు ఊరే నేల ఎలా కనబడి ఉంటుంది?

ఆ నీరే ఒకసారి ప్రాణాలు తీసింది. 1917 అక్టోబరు చివర ఉమ్గేని పొంగి ఒడ్డునున్న భారతీయుల ఇళ్ళను ఊడ్చుకుపోయింది. వందల మంది పోయారు. ఆ రాత్రి పడవట్టన్ కుటుంబపు పెద్దతో కూడిన ఆరుగురు బెస్తవారు పడవతో వరదకు ఎదురీది నూట డెబ్భై మందికి పైగా కాపాడారు. అక్కడివారు నేటికీ వారిని పడవట్టన్ సిక్స్ అని స్మరించుకుంటారు. సముద్రాన్ని నమ్ముకున్నవారు మట్టిని నమ్ముకున్నవారిని ఒడ్డుకు చేర్చారన్నమాట. బెస్తవారిది వేరే కథ. దర్బన్ అఖాతంలోని సాలిస్‌బరీ దీవి మీదా, తరువాత ఫిన్‌లాండ్స్‌లోనూ వలలు వేసుకు బతికిన ఆ కుటుంబాలే నిజంగా సముద్రాన్ని ఎంచుకున్నవారు.

ఈ ఎంపికలన్నిటినీ 1950 నాటి గ్రూప్ ఏరియాస్ చట్టం తుడిచిపెట్టింది. ఏ జాతివారు ఎక్కడ ఉండాలో ప్రభుత్వమే గీతలు గీసింది. 1958లో దర్బన్‌ను పంచారు. 1960ల నుంచి భారతీయులను లోపలి గుట్టల మీద కట్టిన చాట్స్‌వర్త్‌కు తరలించారు. అక్కడ అరటి తోటలు వేసుకున్న భారతీయ రైతుల భూములనే స్వాధీనం చేసుకుని ఆ ఇళ్ళు కట్టడం ఒక విషాదం. ఫిన్‌లాండ్స్ బెస్తవారూ అక్కడికే పోవలసి వచ్చింది. ఆ పేటల్లో ఒకదాని పేరు హేవెన్‌సైడ్, అంటే రేవు పక్క. ఇంకొకదాని పేరు బేవ్యూ, అంటే అఖాతం కనబడే చోటు. సముద్రం నుంచి తరిమి, దాని పేరు మాత్రం చేతిలో పెట్టారు. ఆ పేర్లు పెట్టిన మహానుభావుడెవరో గాని నాకు అతనిమీద కోపం తగ్గదు. దర్బన్ సముద్రతీరాన్ని సైతం జాతులవారీగా విభజించారు. అది అందరికీ తెరుచుకున్నది 1989లో. చట్టం రద్దయినది 1991లో.

చాట్స్‌వర్త్‌కు వారు వెంట తీసుకుపోగలిగినవి కొన్ని ఉన్నాయి. పెరటాసి ఒకటి. మా తిరుపతిలో పెరటాసి శనివారాలంటే కొండ మీద కిటకిట. అక్కడ కూడా ఆ నెలంతా మాంసం ముట్టరు, శనివారాలు నామం దిద్దుకుని గోవిందలు కొడతారు. 1931లో అక్కడి తెలుగువారు ఆంధ్ర మహాసభ పెట్టుకున్నారు. భాష చాలా ఇళ్ళలో జారిపోయింది. నాయుడు అన్న పేరు నాయిడూ అయి నిలిచింది.

ఇదంతా మా మేనల్లుడికి చెప్పాను. ఫోను చాలాసేపు మౌనంగా ఉంది. చివరికి "ఇంతకీ ఏది తీసుకోమంటావు?" అన్నాడు. నీకు నచ్చింది తీసుకోరా, అన్నాను. పోయిన వారం కబురు వచ్చింది. హార్న్స్‌బీలో దిగారట. పెరట్లో మిరప నారు పోశాడు. సముద్రం గంట దూరం.