ఆంగ్లవాక్యవిభాగమును తెనుఁగు వాక్యమును

వాక్యమును సామాన్యము, సంయుక్తము, సంశ్లిష్టము అని మూఁడుగా విభజించుట ఆంగ్లపాఠశాలలలోఁ జదివినవారికెల్లరకును బరిచితమే. అయినను బడిపాఠముగా నీవిభాగమునకుఁ బ్రాచీనత తక్కువ. జర్మనీ దేశమున కార్ల్ ఫెర్డినాండ్ బెకర్ వాక్యావయవముల పరస్పరసంబంధమును మూలముగాఁ గొని వ్యాకరణమును రచింపఁగా, ఆ మార్గమును మోరెల్ 1852లోఁ దన వాక్యవిశ్లేషణగ్రంథముచే నింగ్లండు బడులకుఁ దెచ్చెను. హిందూదేశమున దానిని వ్యాపింపఁజేసినవి నెస్‌ఫీల్డు వ్యాకరణములు.

వాక్యలక్షణవిచారము మాత్ర మీదేశమునకుఁ గ్రొత్తది కాదు. ఒక్క తిఙంతము గలది వాక్యమని కాత్యాయనుఁడును, అర్థైక్యము గలది వాక్యమని జైమినియు రెండువేలయేండ్లకుఁ బూర్వమే చెప్పిరి. ఒకరు క్రియను లెక్కించిరి, వేఱొకరు ప్రయోజనమును జూచిరి. తెనుఁగున నీవిచార మంతగాఁ బెరుగలేదు. 1840 నాఁటి బ్రౌను వ్యాకరణమున వాక్యరచనకుఁ జోటు గలదు; 1858లో వెలువడిన చిన్నయసూరి బాలవ్యాకరణమునఁ బదిపరిచ్ఛేదము లుండియు వాక్యమున కొక్కటియు లేదు. కావున బడిపండితుఁడు తెనుఁగు వాక్యమును విభజింపఁబూనినపుడు ఆంగ్లపు కొలమానమునే చేపట్టవలసినవాఁ డయ్యెను. చిక్కంతయు నిందుండి పుట్టినదే.

'రాముఁడు వచ్చి, భుజించి, పోయెను' అను వాక్యమునఁ దిఙంత మొక్కటియే. కాత్యాయనునిమతమున నిది యొకవాక్యము, జైమినిమతమునను నొకటియే. దీని నాంగ్లమున సహజముగాఁ జెప్పినచో మూఁడు సమాపకక్రియ లేర్పడి, తుదిరెంటి నడుమ 'అండ్' చేరును. నాఁటి పాఠ్యవ్యాకరణములు దానిని సంక్షిప్తమైన సంయుక్తవాక్య మనెడివి. సమస్తవిధేయము గల సామాన్యవాక్య మనువారు నేఁడు పెక్కుమంది. సముచ్చయపదములకంటె క్త్వార్థకములయందును, సంబంధసర్వనామములకు మాఱుగా ధాతుజవిశేషణములయందును ద్రావిడభాషల కభిమానము మెండని కాల్డ్వెల్ 1856లోనే గుర్తించెను. పాఠశాలలలో నీసూత్ర మెంత యక్కఱకు రాఁదగినదో!

'వాన కురిసి చెఱువు నిండెను' అనునది చక్కని తెనుఁగు. కురియుటకుఁ గర్త వాన, నిండుటకుఁ గర్త చెఱువు. కార్యకారణభావము రెంటిని గలుపుచున్నది. విద్యార్థి దీనిని మాటకు మాటగా నాంగ్లమున 'హేవింగ్' అని యారంభించి వ్రాసిన, ఆంగ్లేయుఁడు చెఱువే కురిసినదని గ్రహించును. ఇట్టి తప్పును బాలుని యజాగ్రత్తగా నెంచుట న్యాయము కాదు. తనభాషలో సాధువైన కట్టడినే వాఁడు పాటించినాఁడు. సమానకర్తృకత్వనియమము సంస్కృతమునఁ బాణిని చెప్పినదే కాని, తెనుఁగువాడుక దాని కంతగా లోఁబడలేదు.

నిషేధమునందు మఱింత సూక్ష్మము గలదు. 'వాఁడు భుజించి బడికిఁ బోలేదు' అన్నచో, భుజించెను గాని పోలేదనియు, పోయెను గాని భుజించి కాదనియు రెండర్థములు పొసఁగును. తెనుఁగువానికిఁ బ్రకరణమో కాకువో దారి చూపును. ఆంగ్లసంయుక్తవాక్యము వ్రాయువాఁడు ఈ రెంటిలో నొకదాని నెన్నుకొని, 'బట్' పెట్టవలెనో వేఱుగఁ దిప్పి చెప్పవలెనో ముందే నిశ్చయింపవలయును.

ఉత్తరసర్కారులలోఁ బాఠశాలల పరీక్షాధికారిగా నుండిన యేట్సు దొర 1906లో వ్రాఁతభాషకును మాటభాషకును నింత యంతర మేల యని ప్రశ్నింపఁగా, విశాఖపట్టణమున ఏ.వి.ఎన్. కళాశాలాధ్యక్షులు పి.టి. శ్రీనివాసయ్యంగారు, విజయనగరమున గురజాడ అప్పారావు, పర్లాకిమిడిలో గిడుగు రామమూర్తి ఆ చర్చను బూనిరి. ఆ వివాదము ప్రధానముగా విభక్తులను, క్రియారూపములను గూర్చి సాగినది. 'చేయుచున్నాఁడు' అన్నచో గ్రాంథికము, 'చేస్తున్నాడు' అన్నచో వ్యావహారికము. కాని 'చేసి' యన్నది రెండుపక్షములవారిదియును. వాక్యపుటెముక యొకటియే యగుటచేఁ గాఁబోలు, దానినిగూర్చి కలహము పుట్టలేదు.

ఆ యెముకకుఁ దరువాతి కాలమున మార్పు రాకపోలేదు. 'మఱియు' ప్రాచీనపదమే కాని, రెండు నామముల నడుమ నిలువవలసిన పని దానికిఁ బూర్వ మంతగా లేదు. 'రాముఁడును లక్ష్మణుఁడును' అని సముచ్చయము తీరుచుండెను. నేఁడు సీతమ్మధార వీథులలోని యంగడిపలకలపై సైతము 'మరియు' ఆంగ్లపు 'అండ్' నిలుచుచోటనే నిలుచుచున్నది.