కాగితపు వడపోత కాఫీ

గరాటువంటి పాత్రలో పలుచని కాగితము నమర్చి, అందు కాఫీపొడిని వేసి, దానిపై వేడినీటిని ధారగా కొంచెము కొంచెము పోయుచు, బొట్టుబొట్టుగా దిగు కషాయమును క్రింది పాత్రలో పట్టు పద్ధతి యిది. ఇందు పొడి నీటిలో ఉడుకదు. నీరే పొడిగుండ దిగి, దాని సారమును గ్రహించి, మడ్డిని కాగితమునందే విడిచిపోవును.

పూర్వచరిత్ర: కాఫీ అరబ్బు, తుర్కీ దేశములనుండి ఐరోపాకు వ్యాపించిన తొలిదినములలో, మెత్తని పొడిని నీటితో కాచి, మడ్డి అడుగున దిగిన పిమ్మట పైతేటను త్రాగుట వాడుకగా నుండెను. 18వ శతాబ్దమున ఫ్రాన్సులో పొడిని గుడ్డసంచిలోనుంచి వేడినీట నానబెట్టు రీతి ప్రచారమునకు వచ్చినది. 1800 ప్రాంతమున, నడుమ చిల్లుల పలకగల రెండంతస్తుల పాత్ర యొకటి పారిస్ ఆర్చిబిషప్పు ద బెల్వా పేర ప్రసిద్ధి గాంచెను. కాఫీని కాచినచో దాని పరిమళ మావిరితో పోవునని వాదించి, వడపోతయే శ్రేష్ఠమని శాస్త్రజ్ఞుడగు రంఫర్డు ప్రభువు 1812లో ఒక వ్యాసమును ప్రకటించెను. అయినను లోహపు చిల్లులగుండ సన్నని నలుసులు జారుట మానలేదు. గుడ్డయో, ఎంత ఉతికినను పాతవాసనను వీడదు.

కాగితము ప్రవేశించుట: ఈ చిక్కును విడదీసినది జర్మనీ దేశమున డ్రెస్డెన్ నగరవాసినియగు మెలిట్టా బెంట్స్ అను గృహిణి. చేదును మడ్డిని సహింపలేక, ఆమె యొక ఇత్తడిగిన్నె అడుగున మేకుతో చిల్లులు పొడిచి, కుమారుని బడిపుస్తకములోని అద్దుడు కాగితమును కత్తిరించి అందు పరచెను. 1908 జూన్ 20వ తేదీన బెర్లిన్‌లోని పేటెంటు కార్యాలయమున ఈ వడపోత సాధనము నమోదయ్యెను. ఆ సంవత్సరమే డిసెంబరులో 73 ఫెన్నిగుల మూలధనముతో ఆమె పేరిట సంస్థ యేర్పడెను. భర్తయు కుమారులును తోడ్పడగా ఇంటనే మొదలైన ఆ పరిశ్రమ, మరుసటి సంవత్సరము లైప్జిగ్ సంతలో వేయికి మించిన పాత్రలను విక్రయించి, 1929లో మిండెన్ పట్టణమునకు తరలిపోయెను. తొలుత గుండ్రముగా, సమతలముగా నుండిన పాత్ర 1930 దశకమున అడుగున సన్నమగు ఆకృతిని దాల్చినది.

తరువాతి రూపములు: జర్మనీలో జన్మించి అమెరికాకు వలసపోయిన రసాయనజ్ఞుడు పీటర్ ష్లుంబోం, ప్రయోగశాలలోని గాజుకుప్పెను తలచి, నడుమున కొయ్యపట్టీయు తోలుత్రాడును గల ‘కెమెక్స్’ పాత్రను 1941లో వెలయించెను. ప్రయోగశాలలకు గాజుసామగ్రి చేయుటకు 1921లో టోక్యోలో స్థాపితమైన హారియో సంస్థ, 21వ శతాబ్దపు తొలి దశకమున ‘వి60’ అను పాత్రను నిర్మించెను. దాని గోడలు 60 డిగ్రీల కోణమున కలియును; లోపలి మెలిచాళ్లు కాగితమును గోడకంటకుండ నిలుపగా, అడుగున ఒకే పెద్దరంధ్ర ముండుటచే, కషాయము దిగు వేగము పోయువాని చేతియందే నిలిచినది.

విధానము: 15 గ్రాముల పొడికి సుమారు 250 మిల్లీలీటర్ల నీరు చాలును, అది 90 మొదలు 96 డిగ్రీల సెంటిగ్రేడు వేడిమి గలదై యుండవలెను. కాగితపు వాసన పోవుటకు దానిని ముందుగా వేడినీట తడుపుదురు. పిదప పొడి తడియునంత నీరుపోసి అరనిమిషము ఆగినచో, వేయించిన గింజలో నిలిచియున్న బొగ్గుపులుసు వాయువు పొంగి వెలువడును; తక్కిన నీరు అప్పుడు పొడి నంతటను సమముగా తడుపును. మొత్తము మూడు నిమిషములు పట్టును. పొడి మరీ మెత్తనైన కషాయము నిలిచి చేదెక్కును. మరీ బరకయైన పలుచబడి పులియును. కాగితము మడ్డినేకాక, రక్తమున కొలెస్టెరాలును పెంచు కఫెస్టాల్ గల తైలమును గూడ చాలవరకు ఆపును.

తెలుగునాట: మన యిండ్లలోని ఇత్తడి, స్టీలు ఫిల్టర్లును పోతనీటినే ఆశ్రయించినవి, కాని వానినుండి మెల్లగా దిగు చిక్కని డికాక్షను పాలకై ఉద్దిష్టము, పెక్కుచోట్ల చికోరీతో గూడినది. కాగితపు కషాయమును పాలు లేకయే త్రాగుదురు గనుక, గింజ గుణదోషములు దాగవు. 2019లో భౌగోళిక గుర్తింపు పొందిన అరకులోయ అరాబికాను పండించు గిరిజన కర్షకుడు పండ్లను కోయుటయందును ఎండబెట్టుటయందును చూపిన శ్రద్ధ, ఈ పలుచని కషాయమునందే త్రాగువాని నాలుకకు స్పష్టముగా తెలియును.